మూడు ప్రాణాలు... ఎనిమిది స్టేజీలు!

ఈ వారం కొత్త సినిమా కబుర్లేవీ లేవండోయ్! పదిహేను రోజులుగా నేను థియేటరు గుమ్మం తొక్కితే ఒట్టు. సాయంత్రమయ్యేసరికి టీవీ ముందు కూలబడి, ఇద్దరు కండల వీరుల్ని అడవిలో పరుగెత్తిస్తున్నాను. పరుగెత్తించడం కంటే చంపించుకోవడం ఎక్కువనుకోండి! ఆట పేరు 'కాంట్రా'. ఆ పేరు వినగానే మీ ఇంట్లో ముప్పై దాటిన అన్నయ్యో, బాబాయో చెవులు నిక్కబొడుచుకుంటే ఆశ్చర్యపోకండి.

సినిమా పత్రికలో దీని గోలెందుకంటారా? ఈ ఆటకు ఒళ్ళంతా సినిమా వాసనే! జపాను కంపెనీ కొనామి దీన్ని 1987లో నాణెం వేసి ఆడే నిలువెత్తు యంత్రాల కోసం తయారు చేసింది. 1988లో ఇంటి టీవీకి తగిలించే నింటెండో పెట్టెలోకి వచ్చింది. అట్ట మీద బొమ్మ బాబ్ వేక్లిన్ అనే చిత్రకారుడిది. తుపాకి పట్టిన ఆ భంగిమ ఎక్కడిదో తెలుసా? సాక్షాత్తూ 'ప్రెడేటర్' (1987)లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌ది! పక్కవాడిలో 'రాంబో' స్టాలోన్ పోలికలు. ఇక హీరోల పేర్లు బిల్ రైజర్, లాన్స్ బీన్. 'ఏలియన్స్' (1986) నటులు బిల్ పాక్స్‌టన్, పాల్ రైజర్, లాన్స్ హెన్రిక్‌సన్, మైకేల్ బీన్‌ల పేర్లను ముక్కలు చేసి అతికించారని అభిమానుల లెక్క. క్లైమాక్సులో మనం పేల్చాల్సింది కూడా గ్రహాంతర జీవి గుండెకాయనే. రీమేక్ హక్కులు కొనకుండానే ఎంత పని చేశారో చూశారా!

అసలు నింటెండో పెట్టె మన ఊళ్ళలో చూసినవాళ్ళు తక్కువ. 1990లలో ఇంటింటా తిరిగింది దాని నకలు... 'టీవీ గేమ్'. పసుప్పచ్చ కాసెట్టు, దాని మీద వందలాది ఆటలున్నాయని గొప్ప! తీరా చూస్తే పది ఆటలే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. కాసెట్టు మొరాయిస్తే బయటికి తీసి ఉఫ్ మని ఊదేవాళ్ళం. (పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం. ఆ మాట అప్పట్లో ఎవరైనా చెబితే కొట్టేవాళ్ళం!)

అదలా ఉంచండి. మొన్న సెలవులకు మా అక్క కొడుకు వచ్చాడు. పద్నాలుగేళ్ళవాడు. ఫోనులో తుపాకుల ఆటలు ఆడీ ఆడీ బొటనవేళ్ళు అరిగిపోయినవాడు. వాడి ముందు గొప్పలు పోదామని, 2019లో కొనామి విడుదల చేసిన 'కాంట్రా యానివర్సరీ కలెక్షన్' నా ప్లేస్టేషన్‌లో పెట్టాను. పాత ఆట పాత ఆటగానే ఉంది. కొత్తగా ఒక్క సదుపాయం... ఎక్కడ కావాలంటే అక్కడ ఆట ఆపి 'సేవ్' చేసుకోవచ్చు. చచ్చిపోతే అక్కడి నుంచే మళ్ళీ మొదలు.

వాడు ఆ మీట కనిపెట్టేశాడు. నాలుగడుగులు వేయడం, సేవ్. తూటా తప్పించుకోవడం, సేవ్. ఒక్క సాయంత్రంలో ఎనిమిది స్టేజీలూ దాటేసి గుండెకాయ పేల్చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంతేనా మావయ్యా?" అన్నాడు.

ఆ 'ఇంతేనా' నన్ను రెండ్రోజులు నిద్రపోనివ్వలేదంటే నమ్మండి. ఎందుకంటే వాడన్నది అబద్ధం కాదు! బాగా తెలిసినవాడు ఆడితే కాంట్రా అరగంటలో అయిపోతుంది. మరి మేం వేసవి సెలవులన్నీ దాని ముందు ఎలా గడిపాం? ఒక్క తూటా తగిలితే ప్రాణం పోయేది. ఉన్నవి మూడే ప్రాణాలు. అవి అయ్యాక మూడు కంటిన్యూలు. అవీ అయ్యాక మళ్ళీ మొదటి అడవిలోకి! పైగా ప్రాణంతోపాటు చేతిలో ఆయుధమూ పోతుంది. 'ఎస్' అక్షరం తెచ్చిచ్చే, విసనకర్రలా తూటాలు విరజిమ్మే ఆ తుపాకి పోగొట్టుకుని, మామూలు తుపాకితో నిలబడ్డప్పటి దిగులు ఆడినవాడికే తెలుసు. ఆ కష్టమే ఆట నిడివి. కష్టం తీసేస్తే మిగిలేది అరగంట!

అలాగని సేవ్ చేసేవాళ్ళని దొంగలనడం నాకిష్టం లేదు. మేమూ పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ అని నొక్కి ముప్పై ప్రాణాలు కొట్టేసినవాళ్ళమే కదా! ఆ సంకేతం పుట్టిందే చిత్రంగా. 1986లో 'గ్రేడియస్' అనే ఆటను ఇంటి పెట్టెకు మార్చినాయన కజుహిసా హషిమోతో. తన ఆట తనకే కొరుకుడు పడక, పరీక్షించుకోవడానికి ఈ అడ్డదారి పెట్టుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు లోకమంతా ఆ మీటల వరస తలచుకుంది. ఆట చేసినవాడే దండం పెట్టేశాడంటే మనమెంత!

కాని ముప్పై ప్రాణాలకూ ఓ అంతు ఉంది. ముప్పయ్యోది వచ్చేసరికి గుండె దడదడలాడుతుంది. సేవ్‌కు ఆ దడ లేదు. నా గొడవల్లా అదే.

అందుకని మేనల్లుడితో ఒప్పందం చేసుకున్నాను. సేవ్ లేదు, సంకేతం లేదు, ఇద్దరం కలిసి ఆడాలి. ముందుగా టీవీలో 'గేమ్ మోడ్' పెట్టాను. మీరూ పెట్టుకోండి. కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దుతూ కూర్చుంటాయి, మీట నొక్కిన క్షణానికీ హీరో ఎగిరిన క్షణానికీ మధ్య సందు పడుతుంది. పాత డబ్బా టీవీకి ఆ జబ్బు లేదు. కాంట్రాలో ఆ సందు చాలు ప్రాణం పోవడానికి!

మొదటి అడవిలో వంతెన కాళ్ళకింద ముక్కలు ముక్కలుగా పేలిపోతుంటే కుర్రాడు కెవ్వున కేకపెట్టాడు. మొన్న అదే వంతెన దాటినవాడే! మొన్న ఈ కేక రాలేదు. అసలు పరీక్ష మూడో స్టేజి, జలపాతం. అక్కడ తెర పైకి జరుగుతుంది. ఒకడు తొందరపడి రాళ్ళమీద పైపైకి ఎగిరాడంటే, కింద మిగిలినవాడు తెర అంచున పడి చచ్చాడన్నమాటే. శత్రువు అక్కర్లేదు, జతగాడే చాలు! చిన్నప్పుడు మా అన్నయ్య నన్ను ఈ జలపాతంలో ఎన్నిసార్లు ముంచాడో లెక్కలేదు. మేనల్లుడు కూడా వరసగా రెండు ప్రాణాలు తీశాడు. "సారీ మావయ్యా, మీరు స్లో" అన్నాడు పైగా!

మూడో రోజుకు మాత్రం ఓ రాయి ఎక్కి ఆగి, కిందికి చూసి, "వచ్చారా?" అని అడగడం మొదలెట్టాడు. ఫోనులో వాడితో ఆడేవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారో వాడికే తెలియదు. ఇక్కడ మోచెయ్యి తగిలే దూరంలో ఒక మనిషి చస్తున్నాడు, అది తేడా!

2024లో దీన్నే 'కాంట్రా: ఆపరేషన్ గలుగా' పేరిట కొత్త హంగులతో తీశారు. అందులో కావాలంటే ఒకటికి మించి దెబ్బలు తట్టుకునేలా పెట్టుకోవచ్చు. కొత్తవాళ్ళకు అది హాయి. ముందు పాతది చూసి వెళ్ళమంటాను, అంతే.

ఇది రాసే సమయానికి మంచు స్టేజి, మంటల స్టేజి దాటి ఏడోదాకా వచ్చాం. పైకప్పు నుంచి ఇనుప గోళ్ళు దిగే చోట నిన్న రాత్రి ఇద్దరం ఒకేసారి పోయాం. మళ్ళీ మొదటి అడవే! వాడి బడి తెరవడానికి ఇంకా ఐదు రోజులుంది. 'ఎస్' అక్షరం వచ్చినప్పుడు ఎవరు తీసుకోవాలన్న పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. అక్క వాడి పక్షం!