ఆకలికి కార్డెందుకు?

కరోనా ఏడాది విశాఖలో పస్తులున్న ఇళ్లకు కారణం బియ్యం లేకపోవడం కాదు. 2020 ఏప్రిల్ నాటికి దేశంలోని ప్రభుత్వ గోదాముల్లో ఉండాల్సిన నిల్వకు రెండింతలకు పైగా ధాన్యం ఉంది. ఉన్న తిండికీ ఆకలితో ఉన్న మనిషికీ మధ్య రేషన్ కార్డును అడ్డం పెట్టారు. నా కోపమంతా దానిమీదే.

కార్డున్న ఇంటికి కొంత అందింది, కాదనను. మనిషికి 5 కిలోల బియ్యం, ఇంటికి కిలో కందిపప్పు, రాష్ట్రం ఇచ్చిన వెయ్యి రూపాయలు. ఇద్దరున్న ఇంటికీ కిలో పప్పే, ఎనిమిది మంది ఉన్న ఇంటికీ కిలో పప్పే. మరి నూనె? చింతపండు? గ్యాస్? ఉచితంగా మూడు సిలిండర్లన్నారు, అదీ కేంద్రం ఉజ్వల పథకం కింద ఇచ్చిన కనెక్షన్లకే. మన దగ్గర పేదల్లో చాలామందికి అంతకుముందే రాష్ట్ర దీపం పథకం కింద గ్యాస్ వచ్చింది. ముందుగా పొయ్యి వెలిగించుకున్న ఇల్లు ఈ జాబితాకు ఎక్కలేదు. అదే ఏప్రిల్‌లో కేరళ 17 రకాల సరుకులున్న కిట్టును కార్డు రంగుతో పని లేకుండా కార్డుదారులందరికీ ఇచ్చింది. వంటింటిని తెలిసినవాళ్లు చేసిన పని అది.

కోటా బియ్యం అమ్ముకుంటారని మేడల మీద మాట్లాడేవాళ్లకు ఒక్క మాట. అవును, కొందరు అమ్ముకున్నారు. రోజుకూలీ ఆగిపోయిన ఇంట్లో పసిపిల్లకు పాలు, ముసలాయనకు బీపీ మాత్రలు ఏ రేషన్ డిపోలో ఇచ్చారు? చేతిలో ఉన్న ఒకే ఒక్క సరుకును డబ్బు చేసుకున్న తల్లిని దొంగ అనకండి.

ఇక కార్డే లేనివాళ్లు. గాజువాక, ఆటోనగర్, పరవాడ గదుల్లో ఇరుక్కుపోయిన ఒడిశా, బీహార్ కూలీలు. వాళ్లే కాదు, మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలూ ఉన్నారు. కార్డు ఊళ్లో అత్తమామల దగ్గర ఉంటుంది, కొడుకూ కోడలూ ఇక్కడ అద్దె గదిలో ఉంటారు. అక్కడ వేలిముద్ర పడి బియ్యం ఇస్తే ఇక్కడ వీళ్లకు గింజ రాదు. లాక్‌డౌన్ మార్చి 25న మొదలైతే, కార్డు లేని వలస కూలీలకు రెండు నెలలపాటు 5 కిలోల చొప్పున ఇస్తామని కేంద్రం ప్రకటించింది మే 14న. ఆ యాభై రోజులూ వాళ్లు ఏం తినాలి? ఆ ప్రకటన వచ్చేసరికే ఎంతోమంది పిల్లల్ని భుజానేసుకుని జాతీయ రహదారి మీద నడక పట్టారు.

అన్నిటికన్నా నన్ను మండించేది అన్న క్యాంటీన్ల సంగతి. 5 రూపాయలకు భోజనం పెట్టిన ఆ క్యాంటీన్లను 2019లోనే మూసేశారు. లాక్‌డౌన్ వచ్చాకైనా తాళం తీయాల్సింది. చెన్నైలో అమ్మ క్యాంటీన్లు, హైదరాబాద్‌లో అన్నపూర్ణ క్యాంటీన్లు ఆ రోజుల్లో ఉచితంగా అన్నం పెట్టాయి. వేలిముద్ర అడగలేదు. మన ఊళ్లో వీధి కుర్రాళ్లు చందాలేసుకుని పులిహోర పొట్లాలు కట్టారు. ప్రభుత్వం కట్టించిన వంటశాలలు మాత్రం మూతబడే ఉన్నాయి. మునుపటి పాలకుల మీద కక్ష తప్ప దీనికి నాకు మరో కారణం కనబడదు. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. నాలుగేళ్ల ముందే తెరవాల్సిన తలుపులు అవి.

2022 సంగతి ఇంకా ఘోరం. ఏప్రిల్ నుంచి నాలుగు నెలలు కేంద్రం ఇచ్చే ఉచిత బియ్యాన్ని మన రాష్ట్రంలో పంచనే లేదు. రాష్ట్రం ఇచ్చిన కార్డులు సుమారు కోటీ 45 లక్షలు, కేంద్రం ఒప్పుకున్నవి సుమారు 89 లక్షలు. మిగతా ఇళ్ల ఖర్చు ఎవరిదని రెండు ప్రభుత్వాలూ తగువులాడుకున్నాయి. ఆగస్టులో పంపిణీ మొదలైనా కేంద్రం లెక్కలోని కార్డులకే ఇచ్చారు. ఆ లెక్కకు ఆధారం 2011 జనాభా. అప్పుడు పుట్టిన పిల్ల హైస్కూలుకొచ్చింది, పల్లెలు ఖాళీ అయి గాజువాక, మధురవాడ నిండిపోయాయి, అంకె మాత్రం కదల్లేదు.

తుపానులు ఈ ఊరికి కొత్త కాదు, రోగమూ మళ్లీ రావచ్చు. అందుకే ఉత్తర్వు ఇప్పుడే కావాలి. విపత్తు ప్రకటించిన రోజునే ప్రతి వార్డులో వంట మొదలవ్వాలి, వచ్చినవాళ్లందరికీ పెట్టాలి. డిపోకొచ్చి కార్డు లేదన్న మనిషి పేరు రాసుకుని అప్పటికప్పుడు బియ్యం, పప్పు, నూనె ఇవ్వాలి. కార్డు ఏ ఊరిదన్న విచారణ తర్వాత తీరిగ్గా చేసుకోండి.