"అమ్మా, ప్రింటరు ఆఫ్‌లైన్ అంటోంది!"

ఇంట్లో కంప్యూటరు కొనేది ఎవరైనా, ప్రింటు రాకపోతే పిలిచేది మాత్రం అమ్మనే. పొద్దున్నే బడికి పట్టుకెళ్ళాల్సిన ప్రాజెక్టు సంగతి రాత్రి తొమ్మిదిన్నరకి గుర్తొచ్చి పిల్లలు కేకేస్తారు చూడండి, ఆ కేక వినపడని ఇల్లు నాకు తెలిసి లేదు. నాన్నగారు ఆఫీసులో ఉంటారు. లేకపోతే ఇంట్లోనే ఉండి మీటింగులో ఉంటారు. వైఫై రూటరు పాస్‌వర్డూ, ప్రింటరు తగిలించిన కంప్యూటరు పాస్‌వర్డూ మాత్రం ఆయన బుర్రలో భద్రంగా ఉంటాయి. చాకిరీ మనది, తాళాలు ఆయనవి. ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు.

"అదంతా టెక్నికల్, నీకెందుకులే" అంటారు కదా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. రూటరుని మన అపార్టుమెంటు వాచ్‌మన్ అనుకోండి. వైఫైలోకి వచ్చిన ప్రతి వస్తువుకీ (ఫోను, ల్యాప్‌టాప్, టీవీ, ప్రింటరు) ఒక నంబరు ఇస్తాడు. కరెంటు పోయి వస్తే ఒక్కోసారి ఆ నంబర్లు మారిపోతాయి. నిన్న 5లో ఉన్న ప్రింటరు ఇవాళ 8లో ఉంటుంది. ల్యాప్‌టాప్ పాపం నిన్నటి గుర్తు మీదే 5కి వెళ్ళి తలుపు కొడుతుంది. ఎవరూ పలకరు. "ఆఫ్‌లైన్" అని వచ్చి చెప్తుంది. ప్రింటరు మాత్రం పచ్చ దీపం వెలిగించుకుని హాయిగానే ఉంటుంది. రూటరు సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అని ఒకటుంటుంది. ప్రింటరుకి ఎప్పుడూ అదే నంబరు ఇవ్వమని అక్కడ ఒక్కసారి చెప్పేస్తే ఈ గొడవ మళ్ళీ రాదు. పిండి రుబ్బడానికి పట్టేంత టైము కూడా పట్టదు. కానీ ఆ సెట్టింగుల్లోకి వెళ్ళాలంటే రూటరు పాస్‌వర్డు కావాలి. అది మన దగ్గర ఉండదు.

మిగతావీ ఇలాంటివే. ఇంటికొచ్చే చుట్టాల కోసం గెస్ట్ వైఫై అని ఒకటి పెడతారు. అమ్మాయి ల్యాప్‌టాప్ పొరపాటున దానికి కలిసిందంటే ఇక ప్రింటరు కనపడదు, ఎందుకంటే వచ్చిన వాళ్ళు ఇంటి వస్తువుల జోలికి రాకుండా ఉండటానికే ఆ గెస్ట్ వైఫై. ఇంకోటి, విండోస్‌లో మన ఇంటి వైఫై "పబ్లిక్" అని నమోదై ఉంటే, రైల్వే స్టేషన్లో ఉన్నట్టు అది ముసుగేసుకుని కూర్చుంటుంది. పక్క గదిలో కంప్యూటరుకి కూడా కనపడదు. "ప్రైవేట్" అని మారిస్తే సరి. ప్రింటరు వైరుతో ఒక కంప్యూటరుకే తగిలించి ఉంటే, ఆ కంప్యూటరు నిద్రపోయినంతసేపూ ప్రింటరుదీ నిద్రే. కరెంటు ఆదా అని మా వారు ఆఫ్ చేసి వెళ్ళిన రోజు మేం ఇంకేమీ వెతకం, ముందు అదే చూస్తాం.

వీటన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది "నువ్వేం నొక్కావు?" అన్న ప్రశ్న. ఏమీ నొక్కలేదండీ! విండోస్ 10 వాడే ఇళ్ళల్లో హోమ్‌గ్రూప్ అని ఉండేది గుర్తుందా, అన్ని కంప్యూటర్లనీ ఒక గుంపుగా కలిపేది? 2018లో వచ్చిన ఒక అప్‌డేట్‌తో మైక్రోసాఫ్టే దాన్ని తీసేసింది. 2021 జూలైలో ప్రింటింగ్ వ్యవస్థలో పెద్ద భద్రతా లోపం బయటపడితే హడావిడిగా మరమ్మతులు చేశారు. ఆ ఏడాదే వచ్చిన ఆ అప్‌డేట్లతో ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి షేర్ చేసిన ప్రింటర్లు ఎన్నోచోట్ల మూగబోయాయి. నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయకపోతే, ఇంట్లో ఉన్న ఆడమనిషి చెయ్యి తగిలిందని అర్థం కాదు.

ఇక కాలేజీ పిల్లలు చూపించే అడ్డదారి ఒకటుంది. "అమ్మా, పాస్‌వర్డు ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆపేస్తే అన్నీ పనిచేస్తాయి" అంటారు. నిజమే, పనిచేస్తాయి. వీధి తలుపు తీసేసినా గాలి బాగానే వస్తుంది. మన వైఫై ఎంతమందికి ఇచ్చాం చెప్పండి. పిల్లల స్నేహితులు, పై వాటా వాళ్ళు, టీవీ బిగించడానికి వచ్చినబ్బాయి... అందరి ఫోన్లలో ఉంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న పాత లోపాన్ని పట్టుకునే ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. పాత సామాను పనిచేయడానికి ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. అది ఆ పాత దారే.

తలుపులు బార్లా తీసి పెట్టమని నేననడం లేదు. తాళం వేయండి, చెవి ఒక్కరి జేబులోనే ఉండకూడదు అంటున్నాను. ఎందుకింత పట్టుదల అంటే మా పై అంతస్తు పిన్నిగారి కథ చెప్పాలి.

బాబాయిగారు పద్ధతైన మనిషి. బీమా, పెన్షను, ఫ్లాటు కాగితాలు అన్నీ స్కాన్ చేసి తన కంప్యూటర్లో వరసగా పెట్టుకునేవారు. కిందటేడు ఉన్నట్టుండి పోయారు. పిన్నిగారి ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డరు పేరు కళ్ళకి కనపడుతూనే ఉంది, "ఇంటి పత్రాలు" అని. నొక్కితే యూజరునేమూ పాస్‌వర్డూ అడుగుతోంది. ఆయన రోజూ కంప్యూటరు తెరిచే పిన్ ఆవిడకి చూచాయగా తెలుసు, అదే కొట్టారు. కానీ ఆ పిన్ ఆ ఒక్క కంప్యూటరు ముందు కూర్చుంటేనే, పక్క గదిలోంచి ఫోల్డరు తెరవాలంటే అసలు పాస్‌వర్డే కావాలి. సరేనని ఆయన కుర్చీలోనే కూర్చుని ఆ పిన్ కొడితే, అది కూడా ఆయన ఎప్పుడో మార్చేసినట్టున్నారు. డిస్కు తీసి షాపుకి తీసుకెళ్తే 48 అంకెల రికవరీ కీ కావాలన్నాడు షాపతను. అదేమో ఆయన ఖాతాలో ఉంది. ఆ ఖాతాకి కోడ్ ఆయన ఫోనుకి వస్తుంది. ఫోను ఆయన వేలిముద్రతో తెరుచుకుంటుంది.

అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయి రాత్రుళ్ళు వీడియో కాల్‌లో "అమ్మా, అక్కడ నొక్కు, ఇక్కడ నొక్కు" అంటుంటే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నొక్కేవారు. చివరికి అన్నిటికీ నకళ్ళు తెచ్చుకోవడానికి నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. పదమూడో రోజు కూడా కాకుండానే మొదలైన తిరుగుడు అది. ఆయనేం దాచిపెట్టలేదు. జాగ్రత్తపడ్డారు, అంతే. ఆ జాగ్రత్తలో ఆవిడకి చోటివ్వాలని తోచలేదు.

అందుకే నేను మా ఇంట్లో పట్టుబట్టాను. ఎవరి లాగిన్ వాళ్ళదే, మా వారి ఆఫీసు ఫైళ్ళు నాకక్కర్లేదు, పిల్లల చాటింగులు వాళ్ళిష్టం. కానీ ఇంటికి సంబంధించిన కాగితాలకి "ఇల్లు" అనే పేరుతో వేరే ఖాతా, దానికో పాస్‌వర్డు. మా ఇద్దరం ఆ ఫోల్డర్లో ఏదైనా పెట్టొచ్చు, తీయొచ్చు. పిల్లలకి చదవడానికి మాత్రమే వీలు, లేకపోతే ఆధార్ కాపీ కూడా గేములకి చోటు కోసం ఎగిరిపోతుంది. మూడు నెలలకోసారి అదంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెడతాం. "నా మీద నమ్మకం లేదా?" అన్నారు మా వారు మొదట్లో. లాకరు జాయింటుగా తీసుకున్నప్పుడు ఈ ప్రశ్న రాలేదే అన్నాను. ఆ తర్వాత రూటరు పాస్‌వర్డు, రికవరీ కీ ఆయనే కాగితం మీద రాసిచ్చారు. అక్షరాలు కాస్త కోపంగా ఉన్నాయి గానీ, చదవడానికి వస్తాయి.

ఆ కాగితం ఇప్పుడు బంగారం రసీదులున్న కవర్లోనే ఉంది. మొన్న మా అత్తయ్యగారు కూడా చూపించమని అడిగారు. పారాయణం పుస్తకం పెద్ద అక్షరాల్లో తనే ప్రింటు తీసుకుంటారట. తీసుకున్నారు కూడా, నూట పన్నెండు పేజీలు. నల్ల ఇంకు అయిపోయింది, అది వేరే గొడవ.