పొగగొట్టం చెప్పే నిజం

న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఫోన్లో "కలోనియల్ తీసుకున్నాం" అంటుంటారు. రెండంతస్తులు, మధ్యలో తలుపు, దానికి అటూ ఇటూ సమానంగా కిటికీలు. రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ఆ మాటకు అర్థం అంతే. అమెరికాకు మొదట వలస వెళ్లిన ఇంగ్లిష్ రైతు ఈ ఇంటిని చూస్తే ఏ జమీందారుదో అనుకునేవాడు.

ఆ రైతు ఇల్లు ఎలా ఉండేదో తెలియాలంటే బోస్టన్ దగ్గర డెడమ్‌లోని ఫెయిర్‌బ్యాంక్స్ ఇంటిని చూడాలి. ఉత్తర అమెరికాలో ఇప్పటికీ నిలిచి ఉన్న చెక్క చట్రపు ఇళ్లలో ఇదే పాతదని చెబుతారు. దూలాల్లోని వలయాలను లెక్కించి 1637-41 నాటిదని తేల్చారు. ఆ కాలపు ఇంట్లో కింద రెండే గదులు. ఒకదాంట్లో వంటా, పనీ, భోజనం. రెండోదాంట్లో మంచి సామాను, ఇంటిపెద్ద పడక. రెంటి మధ్యా లావుపాటి పొగగొట్టం.

నిజానికి ఇంటికి యజమాని అదే. తలుపు తీయగానే ఎదురుగా ఉంటుంది, దాన్ని ఆనుకునే ఇరుకు మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. రెండు గదుల పొయ్యిలూ వీపూ వీపూ ఆనించుకుని ఉంటాయి కాబట్టి పొగ ఒకే గొట్టంలోంచి పోతుంది, రాళ్లూ ఇటుకలూ పీల్చుకున్న వేడి మాత్రం ఇంట్లోనే ఉంటుంది. మసాచుసెట్స్ చలికి అంతకంటే మంచి ఉపాయం లేదు. తొలి రోజుల్లో ఈ గొట్టాలను చెక్కతో కట్టి మట్టి మెత్తేవారు. ఇళ్లు తగలబడడంతో 1631లోనే బోస్టన్‌లో చెక్క గొట్టాలనూ గడ్డి కప్పులనూ వద్దన్నారు.

కుటుంబం పెరిగితే వెనక వసారా దించేవారు. వంట అందులోకి మారేది, కొత్త పొయ్యి కూడా పాత గొట్టానికే కలిసేది. కప్పు వెనకవైపు బాగా కిందికి వాలిన ఈ ఆకారాన్ని ఉప్పుపెట్టెతో పోల్చి సాల్ట్‌బాక్స్ అన్నారు. రెండంతస్తుల ఇళ్లపై ఆన్ రాణి వేసిన పన్ను ఎగ్గొట్టడానికే ఇలా కట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆన్ గద్దెనెక్కింది 1702లో. వసారాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే దిగాయి. చోటు చాలక వసారా దించారంటే మన పల్లెల్లో ఎవరైనా నమ్ముతారు, పర్యాటకులకు మాత్రం పన్ను కథే రుచిస్తుంది.

ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. బోస్టన్‌లో 1680 ప్రాంతపు పాల్ రివియర్ ఇంటికి పై అంతస్తు వీధి మీదికి చొచ్చుకొచ్చి ఉంటుంది. ఇలాంటి చూరులు దాడికొచ్చిన ఆదివాసుల మీద సలసల కాగే నీళ్లు పోయడానికట! ఇంగ్లండ్ పట్టణాల్లో ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, వడ్రంగులు చేతికి అలవాటైన పనే చేశారు. 1620లో మేఫ్లవర్ ఓడ దిగినవాళ్లు దుంగల ఇళ్లు కట్టారన్నదీ అంతే. దుంగల ఇల్లు 1638లో డెలవేర్ తీరానికి చేరిన స్వీడన్, ఫిన్లండ్ జనం తెచ్చింది. హెరాల్డ్ షర్ట్‌లెఫ్ ఈ భ్రమను తొలగించడానికి రాసిన పుస్తకం 1939లో వచ్చింది. భ్రమ మాత్రం అంత తేలిగ్గా పోలేదు.

దక్షిణాన వర్జీనియాలో వాతావరణం వేరు కాబట్టి పొగగొట్టం ఇంటి చివరికి జరిగింది. 1665లో ఇటుకలతో కట్టిన 'బేకన్స్ క్యాసిల్'కు రెండు చివర్లా గొట్టాలున్నాయి. (1676 తిరుగుబాటులో బేకన్ మనుషులు ఆక్రమించారు గనక ఆ పేరు, బేకన్ అక్కడ కాపురమున్నది లేదు.) సంపన్నుల ఇళ్లలో క్రమంగా వంటిల్లే విడి కట్టడమైంది. వేడి, వాసన, నిప్పు భయం దూరమయ్యాయి. వండిపెట్టే బానిసలు కూడా యజమాని కళ్లకు కాస్త దూరమయ్యారు. ఇంటి నిర్మాణం గురించి రాసేవాళ్లు మొదటి మూడు కారణాలు చెప్పి ఊరుకుంటారు.

బేకన్స్ క్యాసిల్ ఇటుకది గనక నిలిచింది. ఆ శతాబ్దంలో వర్జీనియా, మేరీలాండ్‌లలో ఎక్కువమంది స్తంభాలను నేరుగా నేలలో పాతి ఇల్లు కట్టుకున్నారు. తేమ, చెదలు వాటిని తినేశాయి. పురావస్తువేత్తలు తవ్వితే దొరికేది స్తంభం కుళ్లిన చోట మిగిలిన నల్లటి మట్టి మచ్చలు. వాటి మధ్య దూరాలు కొలిచి ఎన్ని గదులుండేవో, పొయ్యి ఏ వైపుండేదో అంచనా వేసుకోవాలి.