నర్సు పరీక్షేగా!

మొన్న శ్రావణ శుక్రవారంనాడు మా వీధి చివరింటికి పేరంటానికి వెళ్ళాను. కాళ్ళకి పసుపు రాయించుకుని, శనగలు కొంగున కట్టుకుని, ఇహ లేద్దామనుకుంటూండగా ఒకావిడ మహా ఆప్యాయంగా అడిగింది:

"మీ అన్నయ్యగారమ్మాయి అమెరికా పరీక్ష తప్పిందటగా?"

"అవునండీ," అన్నాను.

"అయ్యో, నర్సు పరీక్షేగా! అదేవన్నా కలెక్టరు పరీక్షా, ఏవన్నానా?"

పక్కనున్న ఇంకో ఆవిడ అందుకుంది: "పోనిద్దురూ, తప్పడమే మంచిది. అందరూ అమెరికాలు పట్టిపోతే రేపు మనకి సూది వేసేదెవరు?"

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. వాయనం చేత్తో పట్టుకుని పోట్లాడితే బావుండదని ఊరుకున్నాను. ఇంటికొచ్చి శనగలు తాలింపు వేస్తున్నా ఆ రెండు మాటలే చెవుల్లో. అక్కడ మింగేసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇద్దరూ ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు.

మొదటి మాట "నర్సు పరీక్షేగా" అన్నది. అసలా పరీక్ష ఏమిటో చెప్తాను, వినండి. దాని పేరు ఎన్‌క్లెక్స్. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచెయ్యాలంటే అక్కడ పుట్టిన పిల్లయినా సరే, మైలవరంలో పుట్టిన పిల్లయినా సరే, అది గట్టెక్కాల్సిందే. కెనడాలో కూడా 2015 నుంచీ అదే పరీక్ష పెట్టారు. మనకిక్కడ నాలుగేళ్ళు బియస్సీ నర్సింగు చదివి, విజయవాడలో ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయంవారి పరీక్షలు పాసైతే రాష్ట్ర కౌన్సిల్లో పేరు నమోదు చేస్తారు. లైసెన్సుకని వేరే పరీక్ష లేదు. వాళ్ళకి మాత్రం డిగ్రీ వేరు, లైసెన్సు వేరు.

కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. అంతకుముందు పాస్‌పోర్టు చూసి, ఫోటో తీసి, అరచేతిలో నరాల ఆనవాలు కూడా తీసుకుంటారుట! మన ప్రశ్నపత్రంలాగా అందరికీ ఒకే ప్రశ్నలుండవు. ఒకదానికి సరిగ్గా చెప్తే తరవాతిది ఇంకొంచెం కష్టమైంది వస్తుంది, తప్పు చెప్తే కాస్త తేలికైంది వస్తుంది. వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీల్లేదు. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, అయిదు గంటల టైము. ఈ పిల్ల పనికొస్తుందో రాదో నూటికి 95 పాళ్ళు నమ్మకం కుదరగానే కంప్యూటరు టక్కున ఆగిపోతుంది. ఆగింది మంచికో చెడ్డకో అక్కడ చెప్పరు. గుండె దడదడలాడుతూ బయటికి రావాలి. 2023 ఏప్రిల్ నుంచీ ఒక రోగి కథంతా చెప్పి, ఇప్పుడేం చేస్తావు, తరవాతేం చేస్తావు అని అడిగే ప్రశ్నలు కూడా చేర్చారు.

ఇందులో బట్టీ పనికిరాదు. ఒకరోజు మా అమ్మాయి నన్నే అడిగింది.

"అత్తా, నువ్వు వార్డులో ఉన్నావనుకో. నలుగురు పేషెంట్లు. ఒకాయన ఆపరేషనై రెండోరోజు, నొప్పి నొప్పి అని కేకలు పెడుతున్నాడు. ఒక పిల్లకి నూటొకటి జ్వరం. ఒకావిడ డిశ్చార్జి కాగితాలకోసం మీదపడి పోట్లాడుతోంది. ఇంకో ఆవిడకి షుగరు, ఇన్సులిన్ వేశారు. మాట్లాడకుండా మూల మంచంమీద కూర్చుంది గానీ, ఒళ్ళంతా చెమటలు, అడిగినదానికి తికమకగా జవాబు చెప్తోంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?"

"కేకలు పెడుతున్నాయన దగ్గరికి," అన్నాను తడుముకోకుండా. ముప్ఫై ఏళ్ళ సంసారంలో నేను నేర్చుకున్నదదే మరి. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ కాఫీ ముందు.

పిల్ల పకపకా నవ్వింది. "మూల మంచం ఆవిడ షుగరు పడిపోతోంది అత్తా. నువ్వు ఆయన్ని ఓదార్చి వచ్చేసరికి ఆవిడకి స్పృహ తప్పుతుంది."

ఆ రోజున నాకు జ్ఞానోదయమైంది. నర్సంటే డాక్టరు రాసిన సూది గుచ్చే మనిషి కాదు, ఎవరి ప్రాణం ముందు జారిపోతోందో కనిపెట్టే మనిషి. డాక్టరుగారు రోజుకోసారో రెండుసార్లో వస్తారు. తక్కిన గంటలన్నీ మన ప్రాణం ఆ పిల్ల కళ్ళలో ఉంటుంది.

"నర్సుకి మంచి మనసుంటే చాలదూ, పరీక్షెందుకు?" అనేవాళ్ళున్నారు. ఆ మాట మొదట అన్నది చిన్నా చితకా మనిషి కాదు, సాక్షాత్తూ ఫ్లోరెన్స్ నైటింగేలే. 1860లో లండన్లో నర్సుల బడి పెట్టించిన ఆ మహాతల్లి, దయనీ శీలాన్నీ పరీక్షపెట్టి కొలవలేమని నర్సుల రిజిస్ట్రేషన్ని వ్యతిరేకించింది. ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే ఇంకో నర్సు మాత్రం, ఎవరు నేర్చినవాళ్ళో ఎవరు నేర్వనివాళ్ళో రోగికి తెలియొద్దా అని ముప్ఫై ఏళ్ళకు పైగా పోరాడింది. న్యూజిలాండు 1901లోనే చట్టం చేసింది. ఇంగ్లండుకి 1919లో గానీ తెల్లవారలేదు.

ఇద్దరిదీ నిజమే. పరీక్ష ఒక్కటే చాలదనడానికి అమెరికాలోనే సాక్ష్యం ఉంది. ఫ్లోరిడాలో మూడు కాలేజీలు కలిపి 7,600 దొంగ డిప్లొమాలు అమ్ముకున్నాయని 2023 జనవరిలో బయటపడింది. కొనుక్కున్నవాళ్ళలో సుమారు 2,400 మంది ఈ పరీక్ష పాసయ్యారు కూడా! అంచేత చదువూ ఉండాలి, పరీక్షా ఉండాలి, మనసూ ఉండాలి. మూడూ ఉన్న పిల్లని పట్టుకుని "నర్సేగా" అంటే నాకు ఒళ్ళు మండదూ?

సరే, మా పిల్ల ఎందుకు తప్పింది? తెలివి లేక కాదు. చెప్తాను.

మా అన్నయ్యకి ఇద్దరు పిల్లలు. కొడుకు ఇంజనీరింగు ఎంట్రన్సుకి చదివిన ఏడాది ఆ ఇంట్లో టీవీ మోగలేదు. చుట్టాలని రావద్దన్నారు. మా వదిన వాడి గది ముందు పిల్లిలా నడిచేది. రాత్రి పదింటికి పాలు, తెల్లవారుఝామున కాఫీ. చీపురుపుల్ల అటుదిటు పెట్టమని ఎవరూ అడగలేదు.

అదే ఇంట్లో కూతురు ఈ పరీక్షకి చదివింది. బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి, పొద్దున్నే బస్సెక్కి కొండపల్లి మీదుగా గంటన్నర కూర్చుని వచ్చి, రెండు ముద్దలు తిని పుస్తకం తెరిచేది. తెరవగానే "అమ్మాయ్, కాస్త పప్పు చూడు." ఇంకాసేపటికి "ఎవరో వచ్చారు, కాఫీ పెట్టు." ఆపైన పెళ్ళిచూపులొకటి. పరీక్ష వారంరోజుల్లో ఉందనగా! ఇహ వీధి సంగతి చెప్పక్కర్లేదు. ఎవరికి బీపీ చూడాలన్నా, ఎవరి పుండుకి కట్టు మార్చాలన్నా ఆ పిల్లే. మా వీధికి అది జీతంలేని ఆసుపత్రి. ఇందులో నేను తక్కువ తిన్నానా? మీ మావయ్యకి షుగరు చూడవే అని వారానికి రెండుసార్లు పిలిచినదాన్ని నేనే. అందుకే ఈ మాటల్లో సగం నన్ను నేను అనుకుంటున్నవే.

పరీక్ష హైదరాబాదులో. ముందు రెండు రోజులు సెలవడిగితే ఆసుపత్రివారు ఇవ్వలేదు. ముందురోజు పొద్దుటిదాకా డ్యూటీ చేసింది. ఇంటికొచ్చేసరికి మావాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం! పులిహోర కలిపి, వచ్చినవాళ్ళకి విస్తళ్ళు వేసి, రాత్రి రైలెక్కింది. మర్నాడు నిద్రలేని కళ్ళతో ఆ కంప్యూటరు ముందు కూర్చుంది. అలా రాస్తే మా వదిన కొడుకు మాత్రం పాసయ్యేవాడా? అమెరికాలోనే చదువుకుని మొదటిసారి రాసేవాళ్ళలో 2023లో నూటికి 88 మంది పాసయ్యారు. బయటిదేశాల్లో చదివి రాసేవాళ్ళు మొదటిసారి సగానికి కొంచెం పైన. ఈ తేడా అంతా బుర్రల్లో ఉన్న తేడాయేనంటారా? ఎవరికెంత నిద్రా, ఎవరికెంత తీరికా అన్నది లెక్కలోకి రాదూ?

ఫీజు సంగతీ వినండి. పరీక్షకి 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే ఇంకో 150, ఆపైన పన్ను. ముప్ఫైవేల రూపాయల పైమాటే. తప్పితే మళ్ళీ కట్టాలి. అది మా పిల్లకి రెండు నెలల జీతం.

ఇక్కడే రెండో ఆవిడ మాటకి వస్తాను. "అందరూ పట్టిపోతే మనకి సూది వేసేదెవరు?"

అమ్మా, ఉన్నప్పుడు వాళ్ళని మనం ఏం చూసుకున్నాం? 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది. 50 పడకలకి లోపున్న ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదనీ, 200 పడకలు దాటిన పెద్ద ఆసుపత్రుల్లో సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలనీ ఆ కమిటీ అంది. ఆ మాట ఎంతవరకూ అమలైందో పెద్ద పెద్ద లెక్కలెందుకు, మీకు తెలిసిన నర్సమ్మనే ఒకరిని అడిగి చూడండి. మా పిల్ల జీతం ఇప్పటికీ ఆ ఇరవైవేల గీత దాటలేదు.

2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకి మనమందరం వీధుల్లోకొచ్చి పళ్ళేలు మోగించాం. బాగానే ఉంది. ఆ రోజుల్లోనే అద్దెకున్న నర్సుల్ని ఇళ్ళు ఖాళీ చెయ్యమన్న వార్తలు కూడా చదివాం. ఆ ఇళ్ళవాళ్ళు కూడా పళ్ళేలు మోగించే ఉంటారు.

"మన దేశపు చదువు చదువుకుని పరాయిదేశానికి సేవ చేస్తారా?" అంటారు. ఇంజనీరు కుర్రాడు వెళ్తే విమానాశ్రయందాకా వెళ్ళి దండలు వేస్తాం. అమెరికా సంబంధమని కట్నం రేటు పెంచుతాం. అప్పుడు గుర్తుకు రాని దేశం, నర్సు పిల్ల సూట్‌కేసు సర్దుకుంటేనే గుర్తొస్తుందేం? ఆ పిల్ల చదువుకి మా అన్నయ్య మామిడితోట తాకట్టు పెట్టాడు. దేశం ఒక్క కొమ్మ విడిపించలేదు.

ఇంకో సంగతి. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో సముద్రాలు దాటి గుంటూరొచ్చింది. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. మన ముత్తవ్వల కాలంలో పరాయి ఒంటిని ముట్టుకోవడం మైల అని మనం దూరంగా నిలబడితే, ఆవిడా ఆవిడ దగ్గర పని నేర్చిన మన పేదింటి ఆడపిల్లలూ పురుళ్ళు పోశారు. నర్సంటే మనకున్న చిన్నచూపు అప్పటిదే, ఇప్పటికీ కడుక్కోలేదు. ఆనాడు కుగ్లరమ్మని నీ దేశపు రోగుల్ని వదిలేసి ఎందుకొచ్చావని మనం అడగలేదు. ఇవాళ మన పిల్ల అటు వెళ్తానంటే ద్రోహమా? 2018 నాటికి ప్రపంచంలో 59 లక్షల మంది నర్సులు తక్కువపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. అందరికీ కావలసిన మనిషిని మనమొక్కరమే చులకన చేస్తామంటే ఆ మనిషి ఆగుతుందా?

అలాగని అమెరికా అంటే కల్పవృక్షమని నేననను. పరీక్ష పాసైన మర్నాడే విమానం ఎక్కించేస్తామనే ఏజెంట్లని గుమ్మం తొక్కనివ్వకండి. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఆ వీసా వరస పదేళ్ళు దాటిపోయింది. "గ్యారంటీ పాసు" అని బోర్డు పెట్టేవాళ్ళనీ నమ్మకండి. ఎవరికే ప్రశ్న వస్తుందో ఆ కంప్యూటరుకే ముందుగా తెలియనప్పుడు వీళ్ళకెలా తెలుస్తుంది?

"మరి అంత వరస ఉంటే ఇప్పుడీ పరీక్షెందుకే?" అని నేనూ అడిగాను.

"వెళ్తానో వెళ్ళనో తరవాత సంగతి అత్తా. నేను పనికొస్తానని ఒకళ్ళు కాగితంమీద రాసిస్తే చూసుకోవాలని ఉంది," అంది.

నాకు నోట మాట రాలేదు. ఇరవైనాలుగేళ్ళ పిల్ల, రాత్రింబవళ్ళు మనుషుల ప్రాణాలు కాచే పిల్ల, తను పనికొస్తుందన్న మాటకోసం హైదరాబాదుదాకా వెళ్ళి ముప్ఫైవేలు కట్టాలా? ఆ మాట ఇంట్లో మనమెవరమూ అనలేదన్నమాటేగా!

తప్పినవాళ్ళు 45 రోజులు ఆగి మళ్ళీ రాయొచ్చు. మావాళ్ళు మాత్రం "ఇహ చాల్లే, సంబంధం ఖాయం చేద్దాం" అంటున్నారు. నేను అడ్డం పడ్డాను. ఆ 45 రోజుల్లో 14 అయిపోయాయి. మిగిలిన 31 రోజులకీ మా మేడమీద గది తాళంచెవి పిల్ల చేతికిచ్చాను. పప్పు నేను చూస్తాను, కాఫీలు మా వదిన పెట్టుకుంటుంది, పెళ్ళివారు ఆగుతారు. ఆగకపోతే మరీ మంచిది.

మీ ఇంట్లోనూ ఏ పరీక్షకో చదివే ఆడపిల్ల ఉందేమో చూడండి. కేకలు పెట్టదు. మూల కూర్చుని ఉంటుంది. ముందు దాని దగ్గరికి వెళ్ళండి.

ఇది రాస్తూండగానే పేరంటంనాటి మొదటావిడ గుమ్మంలోకొచ్చింది. "మీ మేనకోడల్ని ఓసారి పిలుస్తారూ? తల తిరుగుతోంది, బీపీ చూపించుకుంటాను."

కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పిల్లని కిందకి పిలిచాను. తల తిరుగుతోందంటే పుస్తకం పక్కన పెట్టాల్సిందేగా, ఆ సంగతి నాకు నేర్పిందే అది. చూసింది, మాత్రలు మానేశారని కనిపెట్టి మందలించి, డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పి, మళ్ళీ మేడెక్కింది.

ఆవిడ వెళ్తూ వెళ్తూ, "మళ్ళీ చదువుతోందా ఏవిటి?" అని అడిగింది.

"అవునండీ," అన్నాను. "నర్సు పరీక్షే."