అశోక్ నగర్ నుంచి వచ్చిన పిల్లగాడు లేత్ మిషన్ కొంటానంటే ఏం చెప్పాలె?

ఈసారి పంటల గురించి కాదు, ఒక మిషన్ గురించి రాస్తున్న. పోస్టు పొడుగే, తీరిక చూసుకొని చదవండి.

హైదరాబాద్‌లో అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీలల్ల రూములు తీసుకొని ఏండ్లకేండ్లు గ్రూప్స్‌కు చదివిన మన పిల్లలు కొందరు ఊరికి తిరిగొస్తున్నరు. వచ్చినోళ్లల్ల ఒకరిద్దరు "చిన్న లేత్ మిషన్ కొంట, బల్ల మీద పెట్టుకునేది, ఇంట్లనే పని చేసుకుంట" అంటున్నరు. మా అన్న కొడుకు కూడా అదే అన్నడు. ఇంట్ల ఒకటే లొల్లి. "ఇన్నేండ్లు చదివి ఇనుము గీకుతవా" అని వాళ్లమ్మ. "అది ఆడుకునే బొమ్మ, దాంతోని ఏం పనైతది" అని పెద్దమనుషులు. "నెలకు లక్ష వస్తదట, వీడియోల చూసినం" అని వాని దోస్తులు. నా లెక్కల ముగ్గురి మాటా సరిగ్గా లేదు.

నా అభిప్రాయం ముందే చెప్తున్న. చిన్న లేత్ పనికొచ్చే వస్తువే. కానీ పని చూసుకొని కొనాలె, చెయ్యి తిప్పడం నేర్చుకొని కొనాలె, అప్పు చేయకుండ కొనాలె. ఇందులో ఒక్కటి లేకున్నా ఆగాలె.

మొదలు ఆ తల్లి మాట సంగతి. ఉద్యోగం రాలేదంటే పిల్లగాడు చదవలేదని కాదు. 2022ల 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024ల 563 పోస్టులతో మళ్లీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చిన్రు. రాసినోళ్లేమో లక్షల్లో. చిక్కడపల్లిల నగర కేంద్ర గ్రంథాలయం కాడికి పొద్దుగాల పోయి చూడండి, కుర్చీ కోసం ఎట్ల నిలబడుతరో. అంత ఓపికతోని కూసున్న పిల్లగాడు ఇంటికొస్తే "ఫెయిలైండు" అని ముద్ర వేస్తం. ఆ ముద్ర పోగొట్టుకోవాలని వాడు తొందరపడి ఏదో ఒకటి కొంటడు. రూము కిరాయిలకు, కోచింగు ఫీజులకు ఒకసారి ఎకరం కుదువబెట్టినం. ఇప్పుడు ఆ తొందరల ఇంకో ఎకరం పోవద్దు. నా భయం అదొక్కటే.

ఇనుము పని తక్కువదేం కాదు. అశోక్ నగర్‌కు పక్కనే ఉన్న కవాడిగూడల 1943ల ప్రాగా టూల్స్ పెట్టిన్రు. మిషన్లను తయారుచేసే మిషన్లు అక్కడ చేసేటోళ్లు. చిక్కడపల్లికి ఇంకోపక్క ఆజామాబాద్ పారిశ్రామికవాడ నిజాం కాలం నుంచి ఉన్నది. ఈ పేటల చుట్టు ఒకప్పుడు ఫ్యాక్టరీ సైరన్‌కు లేచిన ఇండ్లు ఎన్నో. చేతిపనితోనే పిల్లల్ని చదివించిన్రు. ఇయ్యాల అవే గల్లీల పక్కన మన పిల్లలు కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతున్నరు. రెండూ కష్టమే, రెండూ గౌరవమే.

ఇగ మిషన్ సంగతికొద్దాం. లేత్ పట్టించుడు మనకందరికీ తెలిసిన ముచ్చటే. కోతల టైముకు పిన్ను ఇరిగితే, బుష్ అరిగితే, మండల కేంద్రానికి ఉరుకుతం. అక్కడ మన ముందల పది మంది ఉంటరు. చేసేది ఇరవై నిమిషాల పని, పోయేది ఒక పూట. పిల్లగాళ్లకు ఈ ఆలోచన వచ్చింది ఇందుకే. ఆలోచన మంచిదే.

అయితే ఆన్‌లైన్ల చూపించే బల్ల లేత్‌ను "7 బై 12", "7 బై 14" అంటరు. 7 అంటే అంగుళాల్ల చక్ మీద తిరగగలిగే పెద్ద వస్తువు అడ్డం కొలత, అంటే సుమారు 180 మిల్లీమీటర్లు. 12, 14 అంటే రెండు సెంటర్ల నడుమ పొడుగు. అంటే అడుగు, అడుగుకు కొంచెం ఎక్కువ. ఇంకో మెలిక ఉన్నది. ఆ 7 అంగుళాలు బెడ్ మీదనే. టూల్ పట్టే క్రాస్ స్లైడ్ మీద తిరిగేది అంతకన్నా చాలా తక్కువ. వెనుక హెడ్డు లోపలి నుంచి దూరే రాడ్ చాలా వాటిల్ల 20 మిల్లీమీటర్లే. మొత్తం బరువు 40 కిలోల అటూ ఇటూ. మోటారు అర హార్స్ పవర్, ముప్పావు.

దీన్ని మన పనికి పెట్టి చూడండి. పవర్ వీడర్ బుష్, స్ప్రేయర్ పంపు పిస్టన్ రాడ్, చాఫ్ కట్టర్ పిన్ను, డ్రిప్ పైపుల ఫిట్టింగు, చిన్న పుల్లీ, స్పేసర్, వాషర్... ఇవన్నీ ఐతయి. ఇత్తడి, గన్ మెటల్, అల్యూమినియం, నైలాన్ రాడ్ అయితే హాయిగ ఐతయి. మెత్తటి ఇనుము కూడా ఐతది, కానీ కొంచెం కొంచెం కోయాలె. థ్రెషర్ డ్రమ్ము షాఫ్టు, రోటవేటర్ షాఫ్టు, ట్రాలీ బ్రేక్ డ్రమ్ము మాత్రం దాని మీద పట్టనే పట్టయి. బొమ్మ అన్నోళ్లది ఇందుకే సగం నిజం. లక్షలు వస్తయన్నోళ్లది ఇందుకే పూర్తి అబద్ధం.

ఒక నెల రోజులు కాగితం పెట్టుకోవాలని పిల్లగానికి చెప్పిన. ఊర్ల ఎవరి ఏ సామాను ఇరిగింది, ఎంత సైజు, ఏ లోహం, లేత్ షాపుల ఎంత తీసుకున్నరు, అన్నీ రాయాలె. రాసినదాంట్ల సగానికన్న ఎక్కువ ఈ చిన్న మిషన్ మీద పడితే ఆలోచించొచ్చు. పెద్ద షాఫ్టులే ఎక్కువుంటే దీనికి పైసలు పెట్టుడు దండుగ. అప్పుడు రాజ్‌కోట్, బటాలా వైపు తయారయ్యే నాలుగున్నర అడుగుల, ఆరడుగుల బెడ్ లేత్‌ల మాట. అవి బెల్టు మీద నడుస్తయి, నలుగురు కలిసి కూడా ఎత్తలేరు, కింద సిమెంటు దిమ్మె పోయాలె. పాతవి కూడా దొరుకుతయి.

పాతది కొంటే రంగు చూసి మోసపోవద్దు. చక్‌కు దగ్గరున్న బెడ్డే ఎక్కువ అరుగుతది, ముందు అక్కడ చెయ్యి పెట్టి చూడాలె. చక్‌ల రాడ్ బిగించి కిందికి పైకి ఊపితే లూజు తెలుస్తది. మరలు కోయడానికి మార్చే పండ్ల చక్రాలు అన్నీ ఉన్నయా లెక్కపెట్టాలె. అన్నిటికన్నా మంచి పరీక్ష ఏందంటే, అరచేయంత పొడుగు రాడ్‌ను అక్కడనే కోయించి రెండు కొసలు కొలవడం. ఒక కొస లావు, ఒక కొస సన్నం వస్తే అది ఎందుకో చెప్పేదాక పైసలు తీయొద్దు.

కొత్త చిన్నదైతే పండ్ల చక్రాలు ప్లాస్టిక్‌వా లోహంవా అడగాలె. మోటారు స్పీడు మార్చే బోర్డు మన ఊరి ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకు కాలితే మళ్లీ దొరుకుతదా అడగాలె. ఇంకొకటి, మిషన్ ధర ఒక్కటే చూసి లెక్క కట్టొద్దు. నాలుగు దవడల చక్, డ్రిల్ చక్, టూల్ బిట్లు, వాటిని నూరడానికి గ్రైండర్, వర్నియర్, మైక్రోమీటర్, ఆయిల్, రాడ్ ముక్కలు... మిషన్ ధరల సగమన్నా వీటికి పక్కన పెట్టుకోవాలె. లేకుంటే బర్రెను కొని గడ్డికి పైసల్లేనట్టు ఐతది.

ఇగ నేర్చుకునుడు. ఐటీఐల టర్నర్ ట్రేడ్ రెండేండ్లు చెప్తరంటే ఊరికే కాదు. బాలానగర్‌ల సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉన్నది. అశోక్ నగర్‌ల అన్ని ఏండ్లున్న పిల్లగానికి అంత దగ్గరి బాలానగర్ తెల్వకపోవుడు మన దురదృష్టం. అక్కడికి పోయేంత వీలు లేకుంటే మండల కేంద్రం లేత్ షాపుల మూడు నెలలు ఊడ్చే పనికైనా కుదరాలె. వీడియోల చూస్తే కన్ను నేర్చుకుంటది, చెయ్యి నేర్చుకోదు.

చిన్న లెక్కలే పెద్దవి. టూల్‌ను అర మిల్లీమీటరు లోపలికి జరిపితే రాడ్ ఒక మిల్లీమీటరు సన్నబడుతది, రెండు పక్కలా కోస్తది కాబట్టి. ఇది మరిచినోని బుష్ మొదటి రోజే చెత్తల పడుతది. 25 మిల్లీమీటర్ల మెత్తటి ఇనుము రాడ్‌ను మామూలు హై స్పీడ్ స్టీల్ టూల్‌తోని కోస్తే నిమిషానికి 380 చుట్ల దగ్గర తిప్పాలె. రాడ్ లావైతే చుట్లు తగ్గాలె, సన్నమైతే పెరగాలె. డిగ్రీ చదివినోనికి ఈ లెక్క ఎంతసేపు? మన పిల్లల చదువు ఇక్కడ అక్కరకొస్తది.

జాగ్రత్తల సంగతి తల్లిదండ్రులకు చెప్తున్న. లేత్ కాడ కండువా, లుంగీ, పొడుగు చేతుల అంగీ, చేతికి కడియం, దారం ఏదీ ఉండొద్దు. గ్లౌజులు అసలే వద్దు, గుంజుకుంటది. కండ్లకు అద్దాలు ఉండాలె. చక్ తాళం చక్‌లనే మరిచి స్విచ్ వేస్తే అది తూటా లెక్క వస్తది. కోసేటప్పుడు వచ్చే ఇనుప చుట్టలు బ్లేడు లెక్క ఉంటయి, చేతితోని తీయొద్దు, కొక్కెంతోని తీయాలె. ఎర్తింగ్ సరిగ్గ ఉండాలె. బాయికాడి వ్యవసాయ కనెక్షన్‌కు మాత్రం కలపొద్దు. అది సాగుకిచ్చిన కరెంటు. పట్టుకుంటే ఊరందరి పరువు పోతది.

ఇక్కడ మన చింతకింది మల్లేశం గారిని గుర్తు చేసుకోవాలె. ఆలేరు దగ్గర శారాజీపేట. చిన్నప్పుడే బడి మానేసి మగ్గం కాడ కూసున్నడు. చీరకు ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు పోతుంటే చూడలేక హైదరాబాద్ వచ్చి పని చేసుకుంటనే 1999ల ఆసు యంత్రం పూర్తి చేసిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆయన మిషన్ కొని పని వెతకలేదు. తల్లి నొప్పి ముందున్నది, మిషన్ తర్వాత వచ్చింది. మన పిల్లలు పట్టుకోవాల్సింది ఆ వరుస.

ఊర్ల కమ్మరి ఇల్లు ఉంటే ఆయనను కూడా కలుపుకోవాలె. ఇనుము ఎర్రగ కాలితే ఎంత, నీలం తిరిగితే ఎంత అని ఆయనకు తెలిసినంత ఏ వీడియోల చెప్పరు. 2023 సెప్టెంబరుల మొదలైన పీఎం విశ్వకర్మ పథకంల 18 వృత్తులున్నయి, అందుల కమ్మరి ఒకటి. ఆయన కొలిమి, పిల్లగాని లేత్ ఒక్క కొట్టం కింద ఉంటే ఊరికి ఒక పూట మిగులుతది.

చివరకు అన్నలారా, వదినలారా, ఒక్క మాట. పిల్లగాడు లేత్ అంటే "ఛీ" అనకండి, వెంటనే "సరే" అని కూడా అనకండి. "నెల రోజుల కాగితం చూపించు, మూడు నెలల పని నేర్చుకొని రా, నీ చేతితోని చేసిన ఒక బుష్ నా వీడర్‌కు పెట్టు" అనండి. ఆ బుష్ ఒక సీజన్ నిలబడితే మన దగ్గర ఉన్నంతల కొనివ్వొచ్చు. కోచింగ్ ఫీజు కట్టేటప్పుడు వాణ్ని ఏ పరీక్షా అడగలేదు. ఇప్పుడు ఈ ఒక్క పరీక్ష అడిగితే వాడేం చిన్నబోడు. పాసైతే నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే పని కూడా ఉండదు.