వాన నీటి దారి పటం గ్రామసభకు రావాలి

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల సేద్యం చెరువులు, బావులు, బోర్ల మీద నడుస్తున్నది. వీటికి నీరు తెచ్చే ఒర్రెలు, వాగులు మాత్రం కనుమరుగవుతున్నాయి. కొన్నిటిని ప్లాట్ల కోసం పూడ్చారు. కొన్నిటికి రోడ్లు అడ్డం వేసి చిన్న తూములతో సరిపెట్టారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. కానీ నీరొచ్చే దారి తెగితే పూడిక తీసి ఏం లాభం?

ఆ దారిని గుర్తించే సాధనం ఇప్పుడు అందుబాటులో ఉంది. నేల ఎత్తుపల్లాలు, వాగులు, రాతి రకం, చెరువులు, సర్వే నంబర్లను ఒకే పటం మీద పొరలు పొరలుగా చూపే కంప్యూటర్ పద్ధతే జీఐఎస్. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009లో ప్రారంభించిన భువన్‌లో ఉపగ్రహ పటాలను ఎవరైనా చూడవచ్చు.

ఇది రైతుకు ఎట్లా పనికొస్తుంది? పరీవాహక ప్రాంతం గుండ్రంగా ఉంటే ఒర్రెల నీళ్లన్నీ దాదాపు ఒకేసారి వచ్చి పడతాయి. కట్ట తెగే ప్రమాదం ఎక్కువ, అలుగు వెడల్పుగా ఉండాలి. పొడవుగా, సన్నగా ఉంటే వరద విడతలుగా వస్తుంది. ఒర్రెల మొత్తం పొడవును విస్తీర్ణంతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు ఎన్ని కిలోమీటర్ల ఒర్రెలున్నాయో తెలుస్తుంది. ఆ లెక్క ఎక్కువగా ఉన్నచోట సాధారణంగా నీరు ఇంకేది తక్కువ, జారిపోయేది ఎక్కువ. పైభాగపు చిన్న ఒర్రెల్లో రాతికట్టలు, కందకాలు. అవి కలిసి పెద్దవైన చోట చెక్‌డ్యాం. మన గ్రానైట్ నేలలో నీరు నిలిచేది పైనున్న శిథిల పొరలో, రాతి పగుళ్లలోనే కాబట్టి స్థలం ఎంపికే కీలకం. చెక్‌డ్యాం స్థలాన్ని కాంట్రాక్టర్ సౌకర్యం నిర్ణయించకూడదు.

నీటికి జిల్లా హద్దులు తెలియవు. దుందుభిగా పారి డిండి ప్రాజెక్టును నింపి కృష్ణలో కలిసే వాగు, 2016 విభజన తర్వాత మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల మధ్య పంచబడింది. ఎగువన లెక్క లేకుండా అడ్డుకట్టలు కడితే దిగువ చెరువు ఎండుతుంది; రైతుకూ రైతుకూ తగువు పుడుతుంది. పరీవాహక ప్రాంతమంతటికీ ఒకే ప్రణాళిక ఉండాలి.

అయితే పటమే సర్వస్వం కాదు. ముప్పై మీటర్ల గడుల్లో కొలిచిన ఎత్తుల లెక్కకు చేను గట్టు కనిపించదు, నిరుడు పూడ్చిన ఒర్రె తెలియదు. అది ఊరి పెద్ద రైతుకు, చెరువు కింద నీళ్లు కట్టిన నీరటికి తెలుసు. పటం, వారి అనుభవం రెండూ కలవాలి.

అందుకే మన డిమాండ్లు ఇవి: సర్వే నంబర్లతో కూడిన వాగుల పటాన్ని తెలుగులో ప్రతి పంచాయతీలో పెట్టాలి. రైతులతో కలిసి ఒర్రెల వెంట నడిచి సరిచూసి, గ్రామసభ ఆమోదించాకే పనులు మొదలుపెట్టాలి. లేఅవుట్లకు, రోడ్లకు అనుమతి ఇచ్చే ముందు ఆ పటాన్ని చూడాలి. నీటి వనరుల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టాన్ని అమలు చేయాలి.

వానలకు ముందే ప్రతి గ్రామ కమిటీ తన ఊరి ఒర్రెల జాబితా రాసి గ్రామసభలో పెట్టాలి.