చెమటలో ఉప్పు

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో గరికపాడు నుంచి ఒక సోదరి రాసినది అన్నిటికంటే పైన పెట్టుకున్నాను. పేరు ప్రకటించవద్దని కోరారు. ఆమె తమ్ముడికి ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచీ దగ్గు. చిన్నతనంలో ఉబ్బసమన్నారు. తరవాత క్షయ అన్నారు. రెండుసార్లు ఆ మందులు పూర్తిగా మింగించారు. అన్నం బాగానే తింటాడు, ఒంటికి పట్టదు. ఎండాకాలంలో అతను విప్పిన బనీను ఆరితే దానిమీద తెల్లగా ఉప్పు చారలు తేలతాయి. చివరకు పట్నంలో ఒక ఆసుపత్రిలో చెమట పరీక్షచేసి, ఇది ‘సిస్టిక్‌ ఫైబ్రోసిస్‌’ అన్నారు.

“అమెరికాలో దీనికి కొత్త మందులు వచ్చాయనీ, ఇంకా కొన్ని పరీక్షలో వున్నాయనీ తమ్ముడు చదివాడు. ‘అక్కయ్యా, నన్ను ఆ పరీక్షలో చేర్చుకుంటారేమో కనుక్కో’ అని రోజూ అడుగుతున్నాడు. అమ్మ పొలం అమ్మేద్దామంటున్నది. నాన్నగారు ముందు పెళ్ళి చేద్దాం, మామయ్య కూతురు వుండనే వున్నది గదా అంటున్నారు. మేము ఎవరి మాట వినాలి?” అని ఆమె ప్రశ్న.

సోదరీ, ఆ ముగ్గురి మాటలూ వినేముందు జబ్బు చెప్పే మాట వినండి.

మీ వూరివారికి చెక్‌పోస్టు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. 2014లో రాష్ట్రం రెండయినాక సరిహద్దు మీ గుమ్మంలోకే వచ్చింది. 2020 మార్చిలో కరోనా భయంతో గేటు పడినప్పుడు హైదరాబాదు నుంచి ఇళ్ళకు బయలుదేరిన జనం అక్కడ ఎలా నిలిచిపోయారో మీరు కళ్ళారా చూసే వుంటారు. మన శరీరంలో కణాల గోడలకు కూడా అలాంటి గేట్లు వున్నాయి. వాటిలో ఒకటి ఉప్పులోని క్లోరైడు భాగం రాకపోకలకోసం. ఉప్పు ఎటు వెడితే నీరు అటు వెడుతుంది. ఊపిరితిత్తులలో ఈ గేటు పనిచేస్తేనే లోపలి తేమ పలచగా వుండి, దుమ్మూ సూక్ష్మజీవులూ కొట్టుకుపోతాయి. గేటు పడిపోతే ఆ తేమ తుమ్మజిగురులా చిక్కబడుతుంది. అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. క్లోమంలో అదే జిగురు నాళాలకు అడ్డుపడి, జీర్ణరసం అన్నాన్ని చేరదు. తిన్నది ఒంటికి పట్టకపోవడం అందుకే. చెమట గ్రంథులలో మాత్రం ఈ గేటు పని తిరగబడి వుంటుంది. ఉప్పును లోపలికి వెనక్కు తీసుకోవడం దాని పని. అది జరగక ఉప్పంతా చెమటతో పోతుంది.

ఈ ఉప్పు సంగతి పెద్దలు కనిపెట్టిన తీరు వినదగ్గది. 1938లో అమెరికాలో డొరొతీ ఆండర్సన్‌ అనే వైద్యురాలు ఈ జబ్బును విడదీసి వర్ణించింది. 1948లో న్యూయార్కులో విపరీతమైన ఎండలు కాసినప్పుడు ఒంట్లో నీరూ ఉప్పూ ఇంకిపోయి ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఈ జబ్బువాళ్ళు ఎక్కువగా కనిపించారు. కారణం వెదకిన డాక్టర్‌ పాల్‌ డి శాంటాగ్నీసీ, వాళ్ళ చెమటలో ఉప్పు ఎక్కువని 1953లో తేల్చాడు. 1959 నుంచి ముంజేతిమీద సన్నని విద్యుత్తుతో చెమట పట్టించి పరీక్షించే పద్ధతి వచ్చింది. లీటరు చెమటలో క్లోరైడు 60 మిల్లీమోల్స్‌ అయినా, అంతకు మించినా అనుమానం బలపడినట్లే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో వుంటున్నారు మీరు. కొత్త మందు సంగతి తరవాత. ఈ ఎండలలో మీ తమ్ముడు ఉప్పు ఎంత ఎక్కువ తీసుకోవాలో డాక్టరుగారిని అడిగి, ఉప్పు వేసిన మజ్జిగ చెంబు అతనికి అందుబాటులో పెట్టండి.

ఇక కొత్త మందుల మాట. 1950ల నాటికి ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ బడి ఈడుకు వచ్చేదాకా బతకడమే అరుదు. ఇవాళ అమెరికాలో ఈ రోగులలో సగానికి మించి పెద్దవాళ్ళే. చదువులు, ఉద్యోగాలు, సంసారాలు చేసుకుంటున్నారు. ఇదంతా ఒక్క మందు మహిమ కాదు. ఛాతీ తట్టి కఫం తీయించడం, అన్నంతోపాటు జీర్ణరసపు గొట్టాలు మింగించడం, మంచి యాంటీబయాటిక్స్‌, ఇవన్నీ కలిసి ముందు ఆయుర్దాయం పెంచాయి. 1989లో ఈ గేటును తయారుచేసే జన్యువు దొరికింది. ఆ తరవాతే గేటునే బాగుచేసే ఆలోచన పుట్టింది.

ఇక్కడ ఒక కిటుకు వున్నది. గేటు చెడిపోయే తీరు అందరిలో ఒకటి కాదు. కొందరిలో గేటు చోటులోనే వుంటుంది గాని కమ్మీ పైకి లేవదు. మరికొందరిలో తయారైన గేటు వంకరపోయి, సరిహద్దుకు చేరకుండా దారిలోనే విరిచివేయబడుతుంది. ఎఫ్‌-508 అనే లోపం ఆ రకమే. ఇంకొందరిలో గేటు అసలు తయారేకాదు.

మొదటి రకానికి ఐవాకాఫ్టర్‌ అనే మాత్రను 161 మంది మీద పరీక్షించారు. పన్నెండేళ్ళ పిల్లల నుంచి పెద్దవాళ్ళ దాకా అందులో వున్నారు. సగం మందికి మందు, సగం మందికి అదే రూపంలో ఉత్తి మాత్ర. మందు తీసుకున్నవారి ఊపిరి బలం కొలతలో పదింతలకు కొంచెం పైగా, అంటే 10.6 పాయింట్లు మెరుగైంది. చెమటలో ఉప్పు కూడా దిగింది. 2012 జనవరిలో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. కాని అది నూటికి నలుగురైదుగురికి పనికివచ్చే మందు. రెండవ రకానికి, వంకర తీసి గేటును చోటికి చేర్చే రెండు మందులనూ కమ్మీని లేపే ఐవాకాఫ్టర్‌నూ కలిపి 403 మందిమీద పరీక్షించారు. ఊపిరి కొలత 14 పాయింట్లు పెరిగింది. జబ్బు ముదిరి మంచంపట్టే సందర్భాలు నూటికి 63 వంతులు తగ్గాయి. 2019 అక్టోబరులో దానికీ అనుమతి వచ్చింది.

పై పేరాలో నేను పొరపాటున ‘పదింతలు’ అని రాయలేదు గదా అని పాఠకులు అడగవచ్చు. రాశాను, దిద్దుకుంటున్నాను. పదింతలు కాదు, నూటికి పది పాయింట్లు. ఇలాంటి చిన్న పొరపాటే వూరు దాటేసరికి ‘అద్భుతమైన మందు’ అనే వదంతి అవుతుంది. నూటికి యాభై దగ్గర వున్న ఊపిరి అరవై నాలుగుకు రావడం మెట్లెక్కలేనివాడు మెట్లెక్కడం వంటిది. అది చిన్న విషయం కాదు. జబ్బు వేరుతో సహా పోవడమూ కాదు. మాత్ర మానితే గేటు మళ్ళీ పడుతుంది.

ఇల్లు అలకగానే పండుగ కాదు. గేటు తయారేకాని వారిలో కొందరికోసం అటాలురెన్‌ అనే మందు వచ్చింది. మొదటి పరీక్షలలో ఆశపెట్టింది. పెద్ద పరీక్షలో ఓడిపోయి, 2017లో ఈ జబ్బువరకు దానిని వదిలేశారు. నమ్మకంతో చేరిన రోగులు ఎందరో. వాళ్ళు ఇచ్చిన జవాబు ‘కాదు’ అని. అదీ వైద్యానికి కావలసిన జవాబే, కాని ఇచ్చినవారికి మిగిలింది నిరాశ. అటువంటివారికోసం జన్యుసందేశాన్ని ఆవిరిలా పీల్పించే ప్రయత్నాలు ఇటీవలి సంవత్సరాలలో మొదలయ్యాయి.

కనుక మీ తమ్ముడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘నన్ను పరీక్షలో చేర్చుకుంటారా’ అని కాదు. ‘నా గేటు ఏ తీరున చెడింది?’ అని. తెల్లవారిలో ఈ రోగులు నూటికి సుమారు 85 మందిలో ఎఫ్‌-508 లోపం కనీసం ఒక ప్రతి అయినా వుంటుంది. మన దేశంలో చూసిన రోగులలో ఆ వాటా బాగా తక్కువ. జన్యు పరీక్ష చేయించకుండా పొలం అమ్మడం, తాళం చూడకుండా చెవి కొనడమే. హైదరాబాదులో నిమ్స్‌, సి.డి.ఎఫ్‌.డి. సంస్థలను కలిపి కేంద్ర ప్రభుత్వం అరుదైన జబ్బుల కేంద్రంగా ఎంపికచేసింది. 2021లో వచ్చిన అరుదైన జబ్బుల విధానంలో ఈ జబ్బు పేరు వున్నది. 2022లో అటువంటి రోగులకు సాయాన్ని 50 లక్షల రూపాయల వరకు పెంచారు. ముందు అక్కడ పేరు రాయించండి.

ధర మాట దాచను. మూడు మందుల మాత్రకు 2019లో అమెరికాలో ప్రకటించిన ధర సంవత్సరానికి 3,11,000 డాలర్లు. అదే మందును సుమారు 5,700 డాలర్లకు తయారుచేయవచ్చునని 2022లో పరిశోధకులు లెక్కకట్టారు. ఏ పొలమైనా ఎన్నేళ్ళు సరిపోతుంది? 2023 ఫిబ్రవరిలో మన దేశంలోనూ, దక్షిణాఫ్రికా, బ్రెజిల్‌, ఉక్రెయిన్‌లలోనూ రోగుల కుటుంబాలు ఈ పేటెంటు పట్టును సడలించమని ఒకేసారి గొంతెత్తాయి. అర్జెంటీనాలో అక్కడి కంపెనీయే ఈ మందు తయారుచేస్తున్నది. మీ వూరి మీదుగా హైదరాబాదు వెళ్ళే రోడ్డుపైన, చౌటుప్పల్‌ దగ్గర, మందుల ఫ్యాక్టరీలు చూస్తూ వెళ్ళే మనకు ఇది మింగుడుపడని సంగతి. విదేశం నుంచి సొంత వాడకానికి మందు తెప్పించుకోవాలంటే డాక్టరు చీటీతో 12-ఎ అనే ఫారం పెట్టుకోవాలి. మందు దొరికిననాడు రెండు మాటలు గుర్తుంచుకోండి: నెయ్యి, వేరుశనగ వంటి కొవ్వు పదార్థంతో మింగితేనే అది ఒంటికి పడుతుంది, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్‌తో కలిస్తే పనిచేయదు. కాలేయం పరీక్షలు మానకూడదు.

మరి పేదవాడికి ఏమీ లేదా? వున్నది. ఆస్ట్రేలియాలో సముద్రపు అలలమీద ఆడే రోగులకు ఊపిరి కొంత తేలికగా వుండడం డాక్టర్లు గమనించారు. నూటికి 7 పాళ్ళ ఉప్పునీటిని ఆవిరిగా రోజుకు రెండుసార్లు పీల్పించి 164 మందిమీద 48 వారాలు పరీక్షించారు. జబ్బు తిరగబెట్టడం సగానికిపైగా తగ్గిందని 2006లో ప్రకటించారు. చెమటలో పోయే ఉప్పే ఊపిరిలో మందయింది! ముందు గొట్టాలు విప్పే మందు పీల్చి, డాక్టరు ఎదుట మొదటి మోతాదు తీసుకోవాలి. ఇది మీ తమ్ముడికి తగునా అని రేపే అడగవచ్చు.

పరీక్షలో చేరే అవకాశం ఎప్పుడైనా వస్తే కాదనమని నేననను. పెద్దవాళ్ళు ఒప్పుకొని చేరినందువల్లనే ఈ మందులు వచ్చాయి. కాని మీ పొరుగు ఖమ్మం జిల్లాలో జరిగినది మరవకండి. 2009లో భద్రాచలం ప్రాంతపు బాలికలకు ఒక టీకా అధ్యయనంలో, తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టినట్లు బయటపడింది. 2010లో దానిని ఆపివేశారు. టీకా గుణం వేరే మాట. అడగవలసినవారిని అడగకపోవడమే తప్పు. కాగితం తెలుగులో వున్నదా? ప్రభుత్వ జాబితాలో పరీక్ష నమోదైనదా? ఉత్తి మాత్ర వచ్చే వంతు ఎంత? కీడు జరిగితే వైద్యమూ పరిహారమూ ఎవరిది? ఎప్పుడైనా మానుకోవచ్చునా? ఇవి అడగండి. 2019 నిబంధనల ప్రకారం అడిగే హక్కు మీది. చేరడానికి డబ్బు కట్టమన్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

నాన్నగారి మాట మిగిలింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు గాని, ఈ ఒక్క నిజం దాచకూడదు. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలు కలవాలి. మీ అమ్మగారిలో ఒకటి వున్నట్లే. మామయ్యకు వుండడానికి సగానికి సగం అవకాశం, ఆయన కూతురికి నాలుగింట ఒకవంతు. ఆ అమ్మాయికి రక్తపరీక్ష చేయించాలి. ఆమెలోనూ లోపం వుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి సగం అవకాశం. మరొకటి: ఈ జబ్బు వున్న మగవారిలో చాలామందికి వైద్య సహాయం లేకుండా సంతానం కలగదు. దాంపత్యానికి ఏ లోటూ లేదు. ఇది ఆ పిల్లకు ముందే తెలియాలి. తెలిసి ఒప్పుకొంటే అది ఆమె ఇష్టం.

సోదరీ, పొలం అమ్మవద్దని అమ్మగారికి చెప్పండి. తొందరపడవద్దని నాన్నగారికి చెప్పండి. తమ్ముడికి మాత్రం ఆశ వదలవద్దని చెప్పండి. అతను పుట్టేనాటికి ఈ గేటును ఎత్తగల మందు లోకంలో ఒక్కటీ లేదు. ఇరవై ఆరేళ్ళలో ఇంత దారి నడిచింది వైద్యం. మిగిలిన దారి నడిచేదాకా అతని ఊపిరిని కాపాడుకోవడమే మీ ఇంటి పని. జన్యు పరీక్ష ఫలితం వచ్చాక మళ్ళీ రాయండి.